కలిసినప్పుడు ఏడ్చేవాళ్లు

జూన్ ఇరవై మూడు, మంగళవారం. ఆ పొద్దున ఇంట్లో అందరం ఉప్మా తిన్నాం. అమ్మ తినలేదు. పళ్లెం పక్కకు జరిపి "బాటి" అంది. మా లంబాడి భాషలో జొన్నరొట్టెను బాటి అంటాం. ఆఫీసు బస్సుకు టైమవుతున్నా కోడలు చంద్రిక మళ్లీ పొయ్యి వెలిగించి ఒక రొట్టె చేసి పెట్టింది. అమ్మ సగం తిని, మిగతా సగం చిన్న తువ్వాలలో చుట్టుకుంది.

నేను స్నానం చేసి వచ్చేసరికి తలుపు తెరిచి ఉంది. అమ్మ లేదు. తువ్వాల కూడా లేదు.

మధ్యాహ్నం మూడు దాటింది. అంజన్న ఆటోలో అమీన్‌పూర్ చెరువు కట్ట నుంచి బీరంగూడ కమాన్ దాకా రెండోసారి తిరిగి, నేను ఒక్కణ్నే మెట్లెక్కి వచ్చాను. ఆఫీసు నుంచి వచ్చిన మా అబ్బాయి సునీల్ బూట్లు కూడా విప్పకుండా హాల్లో నిలబడి ఉన్నాడు.

"దొరకలేదా, బాపు?"

"లేదు."

"గేటు కెమెరాల సూసిన. రోడ్డు మీద ఫ్యాక్టరీ ఆడోళ్లు షేర్ ఆటో ఎక్కుతుంటె వాళ్లెంబడి ఎక్కింది. పటాన్‌చెరు దిక్కు పోయింది."

"పోలీసులకు చెప్పినవా?"

"చెప్పిన. మన అపార్ట్‌మెంట్ గ్రూపుల గూడ పెట్టిన. సూడు."

ఫోన్ అందుకొని చదివాను. 'మా నాయనమ్మ కనబడడం లేదు. వయసు ఎనభై. నీలం నైటీ వేసుకుంది. మతిమరుపు ఉంది. హిందీ మాట్లాడుతుంది. తెలిస్తే దయచేసి ఫోన్ చేయండి.'

ఇంకోసారి చదివాను.

"దాది హిందీ ఎక్కడ మాట్లాడుతది, బేటా?"

సునీల్ నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

అమ్మకు ఒకప్పుడు తెలుగు బాగానే వచ్చు. ఖేడ్ సంతలో బేరమాడేంత వచ్చు. మతిమరుపు మొదలయ్యాక ముందు పోయింది అదే. ఇప్పుడు ఆమె నోట్లో మిగిలింది తాండా మాట ఒక్కటే. ఎవరైనా 'అవ్వా, హిందీ వచ్చా' అని పలకరిస్తే ఆమె అర్థంకాక చూస్తుంది. వాళ్లు ఈమె కాదనుకొని వెళ్లిపోతారు.

"మార్చి రాయి," అన్నాను.

"ఏమని?"

"ఉన్నది రాయి. లంబాడి మాట్లాడుతదని రాయి."

వంటగది గడప దగ్గర చంద్రిక నిలబడి ఉంది. పొద్దుటి నుంచి కడగని ఉప్మా గిన్నె ఆమె చేతిలో ఉంది. "రాయి, సునీల్. ముసలామె దొరికితె సాలు. మిగిలింది తర్వాత సూసుకుందాం."

"నీకేం, రాయమంటవ్. జోగిపేటల మీ అమ్మోళ్లకు రాజ్‌పుత్‌లని చెప్పింది ఎవ్వలు? నేనా?"

"నేనే చెప్పిన. పెండ్లికి ఒప్పుకోవాలని చెప్పిన. మరి ఇంటి ఓనరుకు ఎవ్వలు చెప్పిన్రు?"

"నేను చెప్పలే. రాఠోడ్ అంటె రాజ్‌పుత్‌లేనా అని ముకుంద్ సారే అడిగిండు. తల ఊపిన. అంతే." సునీల్ గొంతు తగ్గించాడు. ఎదుటి ఫ్లాట్ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. "అంతకుముందు ఎన్ని ఇండ్లు తిరిగినమో మర్సిపోయినవా? అన్ని మంచిగనే మాట్లాడుతరు. ఆఖర్ల మీరు ఏంటోళ్లు అని అడుగుతరు. మల్ల ఫోన్ ఎత్తరు."

"మర్సిపోలే. కాని అవ్వ మీద ఆ పేటియా ఉంటె దూరంకెల్లి గుర్తువట్టేటోళ్లు గాదా? అద్దాల బట్టలు. ఎవ్వలో ఒకలు మా తాండామె అని దగ్గర కూసోబెట్టుకునేటోళ్లు."

"ఆ పేటియా కాళ్లకు తట్టుకొనే గదా బాత్‌రూంల పడ్డది. డాక్టరే వద్దన్నడు."

ఇద్దరూ చెప్పింది నిజమే. అమ్మ పడడం నిజం, డాక్టరు అనడం నిజం. ఆ అద్దాల గాగ్రాను పెట్టెలో పెట్టి సజ్జ మీదికి ఎక్కించాక మా అందరికీ కొంచెం ఊపిరాడిందన్నదీ నిజం.

సునీల్ ఆ మెసేజ్ తుడిచేశాడు. కొత్తది టైపు చేశాడు. పంపే గుర్తు మీద బొటనవేలు ఆనించకుండా అలాగే పట్టుకున్నాడు.

గుమ్మం దగ్గర గాజుల చప్పుడైంది. ఎదుటి ఫ్లాట్ శకుంతల టీ ఫ్లాస్కుతో వచ్చింది. పొద్దుటి నుంచి ఇది ఎన్నోసారో. మా మనవరాలు మహిత బడి నుంచి రాగానే వాళ్లింట్లోనే కూర్చోబెట్టి, తన మనవరాలు భవ్యశ్రీతోపాటు అన్నం తినిపించింది. మనిషి అంత మంచిది.

"ఏమన్న తెలిసిందా, జైపాలన్న?"

"లేదమ్మా."

"మీరైతె పిల్లను బయిటికి పంపకుర్రి. ఇస్నాపూర్ అవతల పిల్లల్ని ఎత్తుకపోయేదాన్ని పట్టుకున్నరంట. వారం సంది గ్రూపులల్ల వస్తనే ఉన్నది గదా, ముసలోళ్ల లెక్క వేషాలేసుకొని తిరుగుతున్నరని. ఇప్పుడే మా కొడుకు నిఖిలేష్‌కు వీడియో వచ్చింది."

ఆమె ఫోన్ నా ముందు పెట్టింది.

ఇరుకు సందు. రేకుల గదులు. జనం వీపులు. ఆ వీపుల నడుమ ఒక చిన్నపిల్ల మెడ చుట్టూ రెండు ముసలి చేతులు, నీలం నైటీ అంచు. మొహం కనిపించలేదు. 'పిల్లకేందో పెట్టింది, మత్తుమందు గావచ్చు' అని ఒక గొంతు. 'గుంజుర్రి, గుంజుర్రి' అని ఇంకో గొంతు. ఎవరెంత గుంజినా ఆ చేతులు ఊడి రావడం లేదు. ఆ గొడవ అడుగున, సన్నగా సాగుతున్న ఏడుపు.

పిల్ల చేతిలో కొరికిన రొట్టె ముక్క ఉంది.

"ఎట్ల యాక్టింగ్ చేస్తుందో సూడుర్రి," అంది శకుంతల.

సునీల్ వీడియో వైపు ఊరికే చూశాడు. నీలం నైటీ ఏ ఇంట్లో లేదు? ఆ ఏడుపు రాగాన్ని వాడు గుర్తుపట్టలేడు. వాణ్ని అలాగే పెంచాం.

నాకు తెలుసు. అది ఢావ్లో. మా ఆడవాళ్లు అయినవాళ్లను చాలా రోజులకు కలిస్తే మెడ పట్టుకొని పాట కట్టి ఏడుస్తారు. కలవని రోజుల్లో ఏం జరిగిందో ఆ పాటలోనే చెప్పుకుంటారు. ఏ ఎద్దు చచ్చింది, ఏ బావి ఎండింది, ఎవరి కడుపు పండింది. ఎదుటి మనిషి అదే రాగంలో ఏడ్చి జవాబివ్వాలి. జవాబు వచ్చేదాకా మెడ వదలరు.

ఏడుపులో ఒక పేరు పదేపదే వస్తోంది. జమ్నీ. జమ్నీ.

జమున నా భార్య. అమ్మకు సొంత అన్న కూతురు. చిన్నప్పుడు అమ్మే దాన్ని చంకనేసుకొని తిప్పింది. జమున పోయి మూడేళ్లయింది. అమ్మకు ఆ సంగతి కొన్నాళ్లు గుర్తుంది. ఆ తరువాత పోయింది. ఇప్పుడు అమ్మ జవాబు రాని మెడ పట్టుకొని ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు గుంజుతున్నారు.

"శకుంతలమ్మా," అన్నాను. ఆమె వీడియోనే చూస్తోంది. మళ్లీ అన్నాను. "అది మా అమ్మ."

"ఎవ్వరు?"

"ఆ ముసలామె. పిల్లను ఎత్తుకపోతలేదు. మా తాన అయినోళ్లను కలిస్తె గట్లనే పట్టుకొని ఏడుస్తరు."

"మీ తాన అంటె? రాజ్‌పుత్‌లల్లనా?"

చంద్రిక గిన్నె కింద పెట్టింది. సునీల్ నా మొహం వైపే చూస్తున్నాడు.

"రాజ్‌పుత్‌లం కాదమ్మా. లంబాడోళ్లం. మాది ఖేడ్ దిక్కు తాండ."

శకుంతల ఫ్లాస్కు మూత తిప్పింది, మళ్లీ తిప్పింది. తరువాత తన ఫోన్ తీసుకొని, "నిఖిలేష్, గా వీడియో నీకు పంపినోనికి ఫోన్ చెయ్. గది ఏ బస్తీనో అడుగు. జల్దీ," అంది.

మమ్మల్ని ఒక్క మాటైనా అనకముందు ఆమె ఆ ఫోన్ చేసింది. ఆ తరువాత ఏం జరిగినా ఇది మాత్రం నేను మరిచిపోను.

*

ముంబై రోడ్డు మీద షిఫ్టు వదిలే వేళ. కంపెనీ బస్సులు, లారీలు, వాటి నడుమ అంజన్న ఆటో. అమ్మ తిరిగొస్తే ఇంట్లో మనిషి ఉండాలని చంద్రిక ఆగిపోయింది. సునీల్ పోలీసులకు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. జీపు బయలుదేరిందంటున్నారు. ఆ జీపు కూడా ఇదే రోడ్డు మీద ఎక్కడో ఇరుక్కొని ఉంటుంది.

"ఏం కాదు లె, బాపు," అన్నాడు సునీల్.

"అవును."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఒక మందుల ఫ్యాక్టరీ గోడ వెనక ఉంది ఆ బస్తీ. కూలీలకు కిరాయికిచ్చే రేకుల గదులు వరసగా ఉన్నాయి. కాలవ మీద నుంచి మందు వాసన. చివరి గది ముందు జనం మూగి ఉన్నారు. తలుపు లోపలి నుంచి వేసి ఉంది. దానికి అడ్డంగా, లుంగీ పైకి కట్టిన ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఆ గదుల యజమాని నాగయ్య.

"పోలీసులొచ్చేదాక తలుపు ఎవ్వలు ముట్టొద్దు. రేపు కేసైతె నా గదుల మీద అయితది," అంటున్నాడు. దయతో అన్నాడా, గదుల కోసం అన్నాడా తెలియదు. తలుపు మాత్రం నిలబడి ఉంది.

"గా ఒడిశా ఆమె గూడ దీనితోని కలిసే ఉన్నది," అని వెనక నుంచి ఎవరో. "ఎవ్వతన్న తన పిల్లను వట్టుకున్నదాన్ని ఇంట్ల ఏసుకొని గొళ్లెం వెడతదా?"

సునీల్ జనాన్ని తోసుకొని ముందుకు వెళ్లాడు. "అన్నా, ఆమె మా నాయనమ్మ. మతి లేదు. పొద్దటి సంది ఎతుకుతున్నం."

నాగయ్య వాణ్ని బూట్ల నుంచి తల దాకా చూశాడు. "మీ నాయనమ్మనా? ఏం భాష ఆమెది? ఒక్క ముక్క సమజైతలేదు ఎవ్వలకు."

సునీల్ ఒకసారి నా వైపు చూశాడు.

"లంబాడి," అన్నాడు.

"ఏందీ?"

"లంబాడోళ్లమన్నా మేము." ఈసారి అందరికీ వినబడింది.

"సూస్తె గట్ల లేవు నువ్వు."

"లంబాడోళ్ల ముసల్ది నైటీ ఏస్తదా?" అని ఒక పిల్లగాడు నవ్వాడు. "అబద్ధం. అద్దాల బట్టలేవి?"

"మాట్లాడించు," అన్నాడు నాగయ్య. "మీ అవ్వ అయితె నిన్ను సూసి పలుకుతది గదా." తలుపు మీద వేళ్లతో తట్టాడు.

గొళ్లెం తీసిన చప్పుడు. రెక్క కొంచెం తెరుచుకుంది. లోపల గ్యాస్ పొయ్యి పక్కన అమ్మ గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. నుదుటి మీద నేరేడుపండంత బొప్పి. పిల్ల ఏడ్చి ఏడ్చి ఆమె ఒళ్లోనే నిద్రపోయింది. అమ్మ చేతులు ఇంకా మెడ చుట్టూనే ఉన్నాయి. పిల్ల తల్లి, ఇరవై ఏళ్లు కూడా ఉండవు, ఒక చేత్తో కూతురి కాలు, ఇంకో చేత్తో నీళ్ల గ్లాసు పట్టుకొని పక్కన కూర్చుంది. అమ్మ మాట ఆమెకు తెలియదు. ఆమె మాట ఇక్కడ ఎవరికీ తెలియదు. అయినా పిల్లను గుంజితే మెడకు దెబ్బ తగులుతుందని, ఇద్దర్నీ కలిపి లోపలికి లాక్కున్నట్టుంది.

"దాదీ," అన్నాడు సునీల్.

అమ్మ వాడివైపు చూసింది. దారినపోయే మనిషిని చూసినట్టు చూసింది.

"యాడీ," అన్నాను నేను. కన్నతల్లిని మేం పిలిచే మాట అది.

అమ్మ పిల్లను ఇంకా దగ్గరికి లాక్కుంది. నన్ను చూసి గోడలోకి ఒదిగింది.

"సూసిన్రా? భయపడుతున్నది. గుర్తువడతలేదు."

"ఈళ్లు గూడ దాని ముఠానే."

వెనక నుంచి ఒత్తిడి వచ్చింది. ఒక చెప్పు వచ్చి సునీల్ భుజానికి తగిలింది. నాగయ్య చేతులు చాపి నిలబడ్డాడు గాని అతని కాళ్లు వెనక్కి జరుగుతున్నాయి. తలుపు రెక్క గోడకు కొట్టుకుంది. పిల్ల ఉలిక్కిపడి లేచి ఏడుపందుకుంది. అమ్మ కూడా మళ్లీ మొదలుపెట్టింది. జమ్నీ. జమ్నీ.

నేను గడప మీద కూలబడ్డాను.

ఢావ్లో మగవాళ్లు పాడరు. తాండాలో మగపిల్లలు ఎవరైనా వెక్కిరింపుగా ఆ రాగం తీస్తే వీపు మీద చరిచేవాళ్లు. కానీ ఇంట్లో అమ్మ పట్టుకుంటే జమున జవాబిచ్చేది. అవతలి గదిలో పేపరు చదువుతూ నేను అన్నేళ్లూ విన్నాను.

"యాడియే..." అన్నాను. ఢావ్లో ఎవరి కోసం పాడినా ఆ పిలుపుతోనే ఎత్తుకుంటారు. గొంతు విరిగింది. మళ్లీ ఎత్తుకున్నాను.

జమున ఎలా చెప్పేదో అలాగే చెప్పాను. ఆలస్యమైంది, అత్తా. దారిలో వాగు పొంగింది. గట్టు మీద కూర్చుండిపోయాను. నీ తల దువ్వేవాళ్లు ఉన్నారా, అత్తా, నీకు బాటి చేసి పెట్టేవాళ్లు ఉన్నారా.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"గీయనేందిరా, ఆడోళ్ల లెక్క ఏడుస్తున్నడు."

ఇంకొకరు నవ్వారు. తరువాత చాలామంది. ఆ నవ్వుతోపాటు నా వీపు మీది బరువు తగ్గింది. నవ్వేవాళ్లు తోయడం మానేశారు. చెప్పు పట్టుకున్న చేతుల్లో ఫోన్లు లేచాయి. నేను ఆపలేదు. దూడ పుట్టిందని చెప్పాను. మనవరాలు బడికి పోతోందని చెప్పాను.

అమ్మ తలెత్తింది. చెవి నా వైపు తిప్పి విన్నది. ఆ తరువాతి చరణం తనే అందుకుంది.

ఆమె చేతులు పిల్ల మెడ నుంచి జారి నా మెడ చుట్టూ పడ్డాయి. ఒడిశా అమ్మాయి కూతుర్ని ఒళ్లోకి తీసుకొని, చేతిలోని నీళ్ల గ్లాసు మాత్రం మా దగ్గరే పెట్టి పక్కకు జరిగింది.

జీపు వచ్చేసరికి జనం పలచబడ్డారు. కానిస్టేబులు మా పేర్లు, ఆధార్ కార్డులు చూశాడు. మమ్మల్ని ఆటో దాకా తెచ్చి, "ఈ రెండు మూడు దినాలు ముసలామెను బయిటికి తేకుర్రి, సార్. మీరు గూడ తిరగకుర్రి," అన్నాడు.

"నేనెందుకు?" అన్నాను.

అతను అంజన్న భుజం తట్టాడు. ఆటో కదిలింది.

*

అమ్మ నా భుజం మీద తల పెట్టుకొని నిద్రపోయింది. సునీల్ ఆమె కాళ్లు సర్ది, నా వైపు తిరిగాడు.

"ఏమని పాడినవ్, బాపు?"

"మీ అమ్మ లెక్క జవాబు చెప్పిన."

వాడు మొహం అటు తిప్పుకున్నాడు. కొంతసేపటికి జేబులో ఫోన్ మోగడం మొదలైంది. ఆగి ఆగి మోగుతూనే ఉంది. తీసి చూశాడు. మధ్యాహ్నం టైపు చేసి పంపని మాటలు అందులో ఇంకా అలాగే ఉన్నాయి.

"ఇది పంపుడు ఇగ అవసరం లేదు," అని, అప్పుడే వచ్చిన ఒక వీడియో తెరిచి నా వైపు తిప్పాడు.

గడప మీద కూర్చున్న నా వీపు, ఒక పక్క నుంచి నా మొహం. పైన ఎవరో రాసిన మాటలు: 'పిల్లల దొంగల ముఠాలో మగవాడు కూడా దొరికాడు. అందరికీ పంపండి.' మా అపార్ట్‌మెంట్ గ్రూపులో అది అప్పటికే వచ్చి ఉంది. దాని కింద ఒక్కరూ ఒక్క మాట రాయలేదు. విడిగా ముకుంద్ దగ్గర నుంచి ఒక మెసేజ్: 'రేపు పొద్దున వస్తున్నా. మాట్లాడాలి.'

గేటు దగ్గర వాచ్‌మన్ రోజూ నమస్తే పెట్టేవాడు. ఇవాళ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు గాని చెయ్యి ఎత్తలేదు.

మా తలుపు తెరిచి ఉంది. లోపల చంద్రిక సజ్జ మీది పెట్టె దింపి, పేటియా దులిపి మంచం మీద పరిచింది. అద్దాలకు లైటు పడి గోడంతా చిన్న చిన్న చుక్కలు. అమ్మను చూడగానే పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. నుదురు చూసి, ఆ చేతినే నిమురుతూ నిలబడింది.

ఎదుటి తలుపు కూడా ఎప్పటిలాగే తెరిచి ఉంది. అందులోంచి నా గొంతు వినబడింది. యాడియే. విరిగి, మళ్లీ ఎత్తుకున్న గొంతు.

"బంద్ చెయ్, నిఖిలేష్," అంది శకుంతల లోపల. గొంతు ఆగిపోయింది.

ఆమె మహిత చెయ్యి పట్టుకొని బయటకు వచ్చింది. ఆమె కొంగు పట్టుకొని భవ్యశ్రీ కూడా వచ్చింది. శకుంతల ఇంకో చేతిలో చిన్న గిన్నె.

"పసుపు వేడి చేసిన. బొప్పి మీద పెట్టుర్రి, అన్నా." గిన్నె చంద్రికకు ఇచ్చింది. మహిత వచ్చి సునీల్ నడుము కరుచుకుంది.

"మీకు శానా కష్టం ఇచ్చినం, శకుంతలమ్మా," అన్నాను.

"గదేం మాట. మీరెవ్వలో మాకు ఎరుకలేదా? గ్రూపుల గూడ చెప్త నేను. రేపు ముకుంద్ సారుకు గూడ..."

ఆమె మాట పూర్తి కాలేదు. అమ్మ తలెత్తి ఎదుటి గుమ్మం వైపు చూస్తోంది. లంగా వేసుకొని, రెండు జడలతో నిలబడ్డ భవ్యశ్రీని చూస్తోంది. మొహమంతా వెలిగింది. నా భుజం వదిలి రెండు చేతులూ చాపి ఒక అడుగు ముందుకు వేసింది.

"జమ్నీ," అంది. ఆ పేరు చివర రాగం మొదలైంది.

ఏం జరుగుతోందో శకుంతలకు తెలుసు. ఈ మధ్యాహ్నం నేనే చెప్పాను. ఆమె నా మొహం వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. భవ్యశ్రీ తల మీద చెయ్యి వేసి, పిల్లను తన వెనక్కి తీసుకుంది. ఒక అడుగు లోపలికి వేసింది.

ఎప్పుడూ మూయని ఆ తలుపును నెమ్మదిగా మూసింది. గొళ్లెం మాకు వినబడకూడదని, మెల్లగా, ఆపి ఆపి జరిపింది.